పొలిమేర నడక

(సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు పద్యం గురించి, కథ గురించి చెప్పారు. నేను చెప్పబోయేది కాళ్ళ గురించి. "ఏదైనా యాత్రా విశేషం చెప్పండి, జనం భోజనాలకు లేవకుండా చూసుకోండి" అన్నారు నిర్వాహకులు. యాత్ర అనగానే అలాస్కా క్రూజో, మాచు పిచ్చో అనుకుంటారేమో. నా యాత్ర మా ఇంటి గుమ్మంలో మొదలై మా ఇంటి గుమ్మంలోనే ముగుస్తుంది. మొత్తం పది మైళ్ళు, కాస్త అటూ ఇటూ. ఊరు వర్జీనియాలోని ఆష్‌బర్న్. ఆ ఊరు తెలిసినవాళ్ళు చేతులెత్తండి అంటే ఈ హాల్లో సగం చేతులు లేస్తాయి. అక్కడ ఉంటున్నవాళ్ళు, ఒకప్పుడు అక్కడ కాంట్రాక్టు చేసినవాళ్ళు, అక్కడ వియ్యంకులున్నవాళ్ళు.

1990 జనాభా లెక్కల్లో ఆష్‌బర్న్‌లో ఉన్నది 3,393 మంది. 2020కి 46,349 మంది అయ్యారు. మేము ఇల్లు కొన్నది 2003లో. అప్పటికి మా వీధి చివర ఒక పశువుల కొట్టం, పక్కన పొడుగాటి సైలో ఇంకా ఉండేవి. గాలి అటు తిరిగితే పేడ వాసన వచ్చేది, నాకు ఊరు గుర్తొచ్చేది. రెండేళ్ళలో ఆ రెండూ మాయమై టౌన్‌హౌసులు లేచాయి. నేనేమీ బాధపడలేదు, నిజం చెప్పాలంటే ఇంటి ధర పెరిగిందని సంతోషించాను. ఆ తర్వాత పదమూడేళ్ళ పాటు నాకు తెలిసిన ఆష్‌బర్న్ అంటే ఇల్లు, ఆఫీసు, ఇండియన్ స్టోరు, పిల్లల కరాటే క్లాసు, డల్లస్ విమానాశ్రయం. అంతే.

2016 మే నెలలో మా నాయన వచ్చాడు. అమ్మ పోయిన రెండో ఏడు. ఆయన సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేరి, సర్వేయరుగా రిటైరయిన మనిషి. ముప్పై అయిదేళ్ళు పాలమూరు జిల్లాలో గొలుసు లాగుతూ, హద్దురాళ్ళు వెతుకుతూ నడిచాడు. అలాంటి మనిషిని సెంట్రల్ ఏసీ ఇంట్లో, ఈటీవీ ముందు సోఫాలో కూర్చోబెడితే ఎన్నాళ్ళు కూర్చుంటాడు? మూడో రోజు పొద్దున్నే లేచి, నా పాత జాకెట్టు తొడుక్కుని బయల్దేరాడు. గంటన్నర తర్వాత తిరిగొచ్చి నన్ను అడిగిన మొదటి మాట, "ఈ ఊరి పొలిమేర యాడున్నదిరా?"

నాకు తెలియదన్నాను. "అమెరికాలో పొలిమేరలు ఉండవు నాయనా, జిప్ కోడ్లుంటాయి" అని కూడా అన్నాననుకుంటాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "పదమూడేండ్లయితుంది గదరా నువ్వు ఈ ఊర్ల ఉండబట్టి" అన్నాడు.

మన వైపు బొడ్రాయి నిలబెట్టినప్పుడూ, అమ్మవారి జాతరప్పుడూ ఊరి చుట్టూ తిరిగి పొలి చల్లడం మీలో చాలామందికి తెలుసు. ఎక్కడిదాకా మన ఊరో అక్కడిదాకా కాళ్ళతో తొక్కి రావాలి. ఇది మనకే ఉన్న మూఢాచారం అని నేను అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, తెల్లవాళ్ళ పాలన నాటి వర్జీనియాలో ఇదే పని చట్టం. నాలుగేళ్ళకోసారి చర్చి పెద్దలు మనుషుల్ని నియమించి, ప్రతి ఆసామీ భూమి హద్దుల వెంట ఇరుగుపొరుగుతో కలిసి నడిపించేవారు. గుర్తుల్ని మళ్ళీ పదిలం చేసేవారు. దానికి ప్రొసెషనింగ్ అని పేరు. ఇంగ్లండు పల్లెల్లో అంతకు ముందు నుంచే ఉన్న అలవాటు అది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మా నాయనకు బాగా నచ్చిన మాట. ఆయన లెక్కలో గుంట అంటే 33 అడుగుల చదరం, నలభై గుంటలు ఒక ఎకరం. ఈ దేశంలో పాత సర్వేయర్లు వాడిన గొలుసు 66 అడుగులు. జార్జి వాషింగ్టన్ 1748లో, పదహారేళ్ళ కుర్రాడిగా, బ్లూ రిడ్జ్ కొండలు దాటి భూములు కొలవడానికి వెళ్ళిన కాలంలో వాడుకలో ఉన్నది ఆ కొలతే. మా నాయన గొలుసుకు సరిగ్గా రెండింతలు. ఆ సంగతి చెప్పిన రోజున ఆయన ముఖం చూడాలి. "అయితే వాషింగ్టన్ మా డిపార్టుమెంటోడే" అన్నాడు. ఆ రోజు నుంచి మైళ్ళు అనడం మానేశాడు. అడుగులు లెక్కపెట్టి గొలుసుల్లోకి మార్చేవాడు.

నాయనకు ఇంకా ఇద్దరు తోడు దొరికారు. ఒకాయన తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఇంకొకాయన హైదరాబాదులో బ్యాంకు నుంచి రిటైరయినాయన. ఇద్దరూ పిల్లల దగ్గరకి ఆరు నెలల వీసా మీద వచ్చినవాళ్ళే. ఒకరిది కృష్ణ యాస, ఒకరిది పాతబస్తీ ఉర్దూ కలిసిన తెలుగు, ఒకరిది పాలమూరు. ముగ్గురూ కలిసి జూన్ నుంచి అక్టోబరు దాకా ఆష్‌బర్న్‌కి ఒక పొలిమేర కట్టారు. కౌంటీ మ్యాపుల్లో అది ఉండదు. వాళ్ళు ముగ్గురూ తొక్కి తేల్చిన హద్దు అది.

ఆ దారి ఇలా ఉంటుంది. పాత ఆష్‌బర్న్ ఊరి మధ్యలో, ఆష్‌బర్న్ రోడ్డుని డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైలు దాటే చోట మొదలుపెట్టాలి. ఆ ట్రైలు ఒకప్పటి రైలు కట్ట. 1860లో ఈ రైలు లీస్‌బర్గ్ చేరింది. అప్పుడు ఈ ఊరి పేరు ఫార్మ్‌వెల్. ఆష్‌బర్న్ అన్న పేరు 1896లో వచ్చింది. పిడుగు పడి ఒక ఆష్ చెట్టు రోజుల తరబడి కాలిందని, అందుకే ఆ పేరని ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ మా నాయన డైరీలో ఈ ఊరి పేరు "కాలిన చెట్టు". సివిల్ వార్ మొదలవగానే ఈ లైను మీద వంతెనలు తగలబెట్టారు. యుద్ధం అయ్యాక మళ్ళీ కట్టారు. 1968లో రైలు శాశ్వతంగా ఆగిపోయింది. కట్టను బాటగా మార్చి 1988కల్లా ఆర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళు పూర్తి చేశారు.

అక్కడ నిలబడి తూర్పుకి నడిస్తే డేటా సెంటర్లు వస్తాయి. ప్రపంచంలో ఇన్ని డేటా సెంటర్లు ఒకే చోట ఉన్న ప్రాంతం ఇంకోటి లేదంటారు. మనలో ఎంతోమందికి తిండి పెట్టే గోడలవి. తాతలు ముగ్గురూ ఒకసారి అటు వెళ్ళి, మనిషనేవాడు కనిపించక వెనక్కి వచ్చేశారు. నాయన డైరీలో రాసుకున్నది: "కంప్యూటర్ల గోదాములు. కిటికీలు లేవు. లోపల గాలి మిషన్ల మోత." అందుకే వాళ్ళ పొలిమేర పడమటికి తిరిగింది.

పడమటికి రెండు మైళ్ళు వెళితే బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు. అది దాటి ఇంకా ముందుకి వెళితే ట్రైలు పక్కనే పెద్ద కంకర క్వారీ. చూడ్డానికి చిన్న చప్టా లాంటిది కట్టారు, అక్కడ నిలబడితే పాతాళం కనిపిస్తుంది. కింద లారీలు బొమ్మల్లాగా తిరుగుతుంటాయి. మన ఇళ్ళ పునాదుల్లోని రాయి ఇలాంటి గుంతల్లోంచి వచ్చిందేనని తెనాలి మాస్టారు లెక్కలేసి చెప్పారట, ఒక ఇంటికి ఎన్ని లారీలో. ఇంకాస్త నడిస్తే గూస్ క్రీక్ మీద వంతెన. నాయనకు అది "బాతుల వాగు". ఈ వాగు మీద 1850లకు ముందూ వెనకా రాతి లాకులు కట్టి పడవలు నడపాలనుకున్నారు. మైళ్ళ కొద్దీ పని చేశారు. ఈలోగా రైలొచ్చింది. ఆ లాకుల రాళ్ళు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి, కానీ అవి ఈ దారికి కొంచెం ఎడం. ఇంకో రోజు చూడొచ్చు.

వాగు దగ్గర వెనక్కి తిరిగి, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి రూట్ 7 దాకా నడవాలి. నేను ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్నది ఇక్కడే.

ఈ నేలంతా ఒకప్పుడు బెల్మాంట్ అనే ఎస్టేటు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన రిచర్డ్ హెన్రీ లీ గారి కొడుకు లడ్‌వెల్ లీ 1800 ప్రాంతంలో అక్కడ పెద్ద భవంతి కట్టాడు. ఆ భవంతి ఇప్పటికీ ఉంది, గోల్ఫు క్లబ్బు వాళ్ళ చేతిలో. 1825లో లఫయట్ అక్కడ విందు ఆరగించాడు. మన వాళ్ళ గ్రాడ్యుయేషన్ పార్టీలు కూడా అక్కడ జరిగాయి, నేనే రెండు మూడింటికి వెళ్ళాను. లీ తర్వాత 1836లో మార్గరెట్ మెర్సర్ అనే ఆవిడ ఆ ఎస్టేటు కొన్నది. మేరీలాండ్ గవర్నరు కూతురు. తనకు సంక్రమించిన బానిసల్ని విడిపించి, అక్కడ ఆడపిల్లల బడి నడిపింది. 1846లో పోయింది. ఆవిడ సమాధి ఈ దారిలోనే, సెయింట్ డేవిడ్స్ చర్చి ఆవరణలో ఉంది. పేరుంది, అక్షరాలున్నాయి.

పేరు లేని సమాధులు రూట్ 7 పక్కన, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు కలిసే చోటికి దగ్గర్లో, చెట్ల మధ్య ఉన్నాయి. ఆ ఎస్టేటు పొలాల్లో పనిచేసిన నల్లజాతి బానిసల శ్మశానం. 1860 లెక్కల ప్రకారం లౌడన్ కౌంటీ జనాభా 21,774. అందులో 5,501 మంది బానిసలు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు. నేను పదమూడేళ్ళు రోజూ గంటకు యాభై మైళ్ళ వేగంతో ఆ చెట్ల పక్క నుంచి ఆఫీసుకి వెళ్ళాను.

సెప్టెంబరు మొదటి శనివారం. సోమవారం వినాయక చవితి, లేబర్ డే కూడా. తాతలు ముగ్గురూ నడుస్తుంటే చెట్ల కింద కొంతమంది ఆకులు ఊడుస్తూ, కొమ్మలు లాగుతూ కనిపించారు. పాస్టర్ మిషెల్ థామస్ గారు ఈ శ్మశానం సంగతి అప్పటికే బయటపెట్టి, లౌడన్ ఫ్రీడమ్ సెంటర్ తరఫున బాగుచేయిస్తున్నారు. తర్వాత ఆ స్థలం ఆ సంస్థకే దక్కింది. ఆ రోజు ఎవరు పిలిచారో, వీళ్ళే వెళ్ళారో తెలియదు. మా నాయన లోపలికి వెళ్ళాడు. రెండు గంటలు ఆలస్యంగా, మోకాళ్ళ దాకా మట్టితో ఇంటికొచ్చాడు. వాకిట్లోకి రాకుండా వెనక్కి వెళ్ళి, తోట పైపు కింద బట్టలతోనే స్నానం చేశాడు.

నేను ఆ రోజు అన్న మాట ఈ సభలో చెప్పడం సిగ్గే. "ఎల్లుండి పండగ పెట్టుకుని శ్మశానానికి పోవాల్నా? మనకు ఏమవుతారు వాళ్ళు?" అన్నాను. మా ఆవిడ నన్ను ఊరుకోమంది. నాయన జవాబు చెప్పలేదు. తుండుతో తల తుడుచుకుంటూ, వేరే విషయం మాట్లాడుతున్నట్టు, "అవి హద్దురాళ్ళు గాదురా" అన్నాడు.

ఆయన కళ్ళకి ముందు కనబడింది రాళ్ళు. పొలంలో దొరికే మామూలు రాళ్ళు, చెక్కలేదు, రాయలేదు, మోకాలెత్తు కూడా లేవు. సర్వేయరు కదా, మొదట హద్దురాళ్ళనుకున్నాడు. హద్దురాయి మూలన ఉంటుంది, ఒంటరిగా ఉంటుంది. ఇవి వరసల్లో ఉన్నాయి. తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి. మధ్యలో నేల కొంచెం కుంగి ఉంది. కొన్నిటి నిడివి మూడడుగులు కూడా లేదట. "చిన్నపిల్లలవి" అన్నాడు. తర్వాత అన్నాడు, "మన నిలువురాళ్ళ తీరే ఉన్నది."

నిలువురాళ్ళ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మా ఊరు కృష్ణ ఒడ్డున, కర్ణాటక సరిహద్దులో, ముడుమాల్‌కి దగ్గర. ఇప్పుడది నారాయణపేట జిల్లా. ముడుమాల్ బయట పొలాల్లో పన్నెండు, పద్నాలుగు అడుగుల రాళ్ళు నిలబెట్టి ఉంటాయి, ఎనభై దాకా. వాటి చుట్టూ వరసలుగా చిన్న రాళ్ళు, మూడు వేల దాకా. ఎవరో, ఏ భాష మాట్లాడారో తెలియని మనుషులు, మూడు వేల అయిదు వందల ఏళ్ళ కిందట నిలబెట్టారని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఆచార్య కె.పి. రావు గారు చెబుతారు. ఒక రాతి మీద సప్తర్షి మండలం గుంటలుగా తొలిచి ఉంది. మా వాళ్ళకి ఇదంతా తెలియదు. ఒక రాయి ఎల్లమ్మ. మొత్తానికి నిలువురాళ్ళ తిమ్మప్ప. దండం పెట్టుకుని పోవడమే. పొలానికి అడ్డమని పీకేసిన రాళ్ళూ చాలా ఉన్నాయి. తెలుగు నేల మీద ఇలాంటి పాత సమాధుల్ని చాలా చోట్ల రాకాసి గుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ అంటారు. ఎవరివో తెలియనప్పుడు రాక్షసులకో, పాండవులకో అంటగట్టేస్తాం. ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. నాయన ఉంటే "ఇప్పుడు జూసిండ్రా?" అనేవాడు.

బెల్మాంట్ రాళ్ళకీ ముడుమాల్ రాళ్ళకీ వేల ఏళ్ళ తేడా ఉంది. పోల్చడం చరిత్రకారులకి నచ్చదు, నాకూ తెలుసు. కానీ ముడుమాల్ వాళ్ళ పేర్లు కాలం తుడిచేసింది. బెల్మాంట్ వాళ్ళ పేర్లు ఎప్పుడూ ఎవరూ రాయలేదు, రాయనివ్వలేదు. ఈ తేడా మాత్రం చెప్పుకోవాలి.

మళ్ళీ దారిలోకి వద్దాం. రూట్ 7 దగ్గర తూర్పుకి తిరిగి, సెయింట్ డేవిడ్స్ మీదుగా వచ్చి, ఆష్‌బర్న్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి దిగితే, ట్రైలు ఇంకా రాకముందే ఎడాపెడా చెట్ల మధ్య ఒక చిన్న చెక్క బడి కనిపిస్తుంది. ఒకే గది. 1892లో నల్లజాతి పిల్లల కోసం కట్టింది. 1950ల చివరి దాకా పాఠాలు జరిగాయి. దాని పేరు ఆష్‌బర్న్ కలర్డ్ స్కూల్. నాయన అదేమిటని మా అమ్మాయిని అడిగాడు. దానికి అప్పుడు పదమూడేళ్ళు, తెలుగు మనబడి తెలుగు. "కలర్డ్ అంటే రంగుల తాతయ్యా, రంగుల బడి" అంది. ఆయన డైరీలో ఆ పేరే స్థిరపడింది. పొద్దున్నే అక్కడ రెండు నిమిషాలు ఆగేవాళ్ళు ముగ్గురూ. పక్కనున్న ప్రైవేటు స్కూలు పిల్లలు ఆ పాత బడిని బాగుచేసే పనిలో ఉన్నారు.

అక్టోబరు మొదటి రోజుల్లో ఒక ఉదయం నాయన ఉత్సాహంగా వచ్చాడు. "రంగుల బడికి పూజ జేసినట్టున్నరురా. గోడ నిండ స్వస్తిక్‌లు రాసిండ్రు."

అప్పటికి నేను వార్తలు చూడలేదు. చూశాక నోట మాట రాలేదు. ముందు రోజు రాత్రి కొందరు కుర్రాళ్ళు ఆ బడి గోడల మీద స్ప్రే పెయింటుతో స్వస్తికలు గీశారు, తెల్లవాళ్ళదే అధికారం అని రాశారు, ఇంకా ఏవేవో బూతులు రాశారు. దేశమంతా వార్తయింది. ఆ గుర్తుకి ఇక్కడ అర్థమేమిటో నాయనకు నేను తెలుగులో చెప్పలేకపోయాను. హిట్లరు పేరు ఆయనకు తెలుసు, జెండా గుర్తులేదు. చివరికి మా అమ్మాయే ఐప్యాడ్‌లో ఫోటోలు చూపించి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి మా గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు. గడప మీద మా ఆవిడ పసుపు కుంకుమలతో వేసిన స్వస్తిక్ ఉంది, గృహప్రవేశం నాటి నుంచి పండగ పండగకీ కొత్తగా దిద్దుతున్నది.

"ఎదురింటోళ్ళు ఇది జూసి ఇన్నేండ్లు ఏమనుకున్నరో అడిగినవా ఎన్నడన్న?"

అడగలేదు. ఎదురింట్లో ఉన్నది నల్లజాతి కుటుంబం, పదేళ్ళ పరిచయం. మెయిల్‌బాక్స్ దగ్గర హాయ్ చెప్పుకోవడం, దీపావళికి స్వీట్ల డబ్బా. ఆ సాయంత్రం నాయన, మా అమ్మాయి కలిసి వాళ్ళింటికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. వాళ్ళేం మాట్లాడుకున్నారో పూర్తిగా నాకు తెలియదు. ఎదురింటి పెద్దావిడ మాత్రం, మేము హిందువులమని, అది వేరేదని మొదటి ఏడే గూగుల్ చేసి తెలుసుకున్నానని, అయినా ఎవరైనా వచ్చి చెప్తారేమోనని ఎదురుచూశానని అందట. మా అమ్మాయి ఆ మాట నాకు ఇంగ్లీషులోనే చెప్పింది.

బడికి మళ్ళీ రంగు వెయ్యడానికి ఊరి జనం వచ్చారు. చందాలొచ్చాయి. తాతలు ముగ్గురూ వెళ్ళారు, ఎదురింటివాళ్ళ కార్లోనే. నాకు ఆ వారాంతం ప్రొడక్షన్ రిలీజు ఉంది. ఏ రిలీజో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఆ కుర్రాళ్ళ కేసు 2017లో తేలింది. వాళ్ళు మైనర్లు. ప్రాసిక్యూటరు సూచన మీద జడ్జి వేసిన శిక్ష ఏమిటంటే, ముప్పై అయిదు పుస్తకాల జాబితా ఇచ్చి, ఏడాది పాటు నెలకో పుస్తకం చదివి రిపోర్టు రాయమన్నారు. హోలోకాస్ట్ మ్యూజియం చూసి రమ్మన్నారు. ఫోన్లో నాయనకి చెప్తే నవ్వాడు. "పుస్తకం సదువుడు శిక్షనా? ఆ లెక్కన నిన్ను చిన్నప్పుడు బాగా శిక్షించేది ఉండె" అన్నాడు.

ఆయన 2019 జనవరిలో పోయాడు. నేను మూడో రోజుకి చేరాను. అస్థులు కృష్ణలో కలిపి వస్తూ ముడుమాల్ దగ్గర దిగాను. చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న రాళ్ళే. జొన్న కోసిన చేలో నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఆయన డైరీ దొరికింది. బ్యాంకు వాళ్ళు పంచే డైరీ, 2016ది. అందులో రెండు పేజీల మీద మా ఆష్‌బర్న్ పటం, స్కేలుతో సహా. కాలిన చెట్టు, బాతుల వాగు, రాళ్ళ గుంత, రంగుల బడి. మొత్తం చుట్టుకొలత గొలుసుల్లో: 1,640. రూట్ 7 మూలన చిన్న చిన్న గీతలు వరసల్లో పెట్టాడు, ఒక్కో రాయికి ఒక గీత. నేను లెక్కపెడితే నలభైకి పైనే ఉన్నాయి. పక్కన సన్నటి అక్షరాలతో, "పేర్లు తెల్వదు. అడగాలె."

ఎవర్ని అడగాలి? 1860 బానిసల లెక్కల పట్టీలు చూశాను. యజమాని పేరుంటుంది. కింద వయసు, ఆడా మగా, రంగు. బానిస పేరు ఉండదు. లీస్‌బర్గ్ కోర్టులో 1757లో కౌంటీ పుట్టిన నాటి నుంచి కాగితాలున్నాయి. ఎవరైనా ఆసామీ చనిపోతే అతని ఆస్తి జాబితా రాసేవారు. ఆ జాబితాల్లో పేర్లుంటాయి, ముందు పేర్లు మాత్రమే. పేరు, దానెదురుగా డాలర్లు. పై వరసలో గుర్రం, కింది వరసలో నాగలి. సెలవు పెట్టి వెళ్ళి కూర్చుని, నాకు దొరికినవి రాసుకున్నాను. సర్వే పత్రాలు చదివినట్టే ఉంటుంది ఆ చేతిరాత, అలవాటవడానికి రెండు రోజులు పట్టింది. నేను రాసుకున్న పేర్లవాళ్ళే ఆ రాళ్ళ కింద ఉన్నారని చెప్పలేను. ఆ పని చేసేవాళ్ళు, అందులో చదువుకున్నవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళకి చేతిరాతలు విప్పే పనిలో శనివారాలు సాయం చేస్తున్నాను. అంతే.

ప్రతి ఏడూ అక్టోబరు మొదటి శనివారం ఈ చుట్టు నడుస్తున్నాం. మొదట మా ఇల్లూ, ఎదురిల్లూ. తెనాలి మాస్టారు ఇక్కడ ఉన్న ఏడు ఆయన కూడా. గత ఏడు పిల్లలతో కలిపి నలభై మందికి పైనే వచ్చారు. సగం మంది గూస్ క్రీక్ దగ్గరే కూర్చుని పులిహోర తిని ఊబర్ ఎక్కారు, అది వేరే సంగతి. శ్మశానం దగ్గర మాట్లాడం. మా అమ్మాయి ఊళ్ళో ఉంటే నేను రాసుకొచ్చిన పేర్లు చదువుతుంది. లేకపోతే నేనే చదువుతాను, నా ఉచ్చారణకి ఎదురింటివాళ్ళ పిల్లలు నవ్వుకుంటారు.

రావాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఆష్‌బర్న్ రోడ్డు, ట్రైలు కలిసే చోట ఉదయం ఏడింటికి కలుస్తాం. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకోండి. నీళ్ళు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు మీద కార్లు వేగంగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. శ్మశానంలో బూట్లు విప్పాలా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మా నాయన విప్పాడు. తెనాలి మాస్టారు విప్పలేదు.